బావగారు పెట్టిన బరువు

నారక్క గోగు పెంచేది ఆకు కోసం కాదు, కాగితం కోసం. పూత మొదలవుతుండగానే కాడలు కోసి, మోపులు కట్టి, గుంటలో ఊరవేసి, బెరడు మెత్తబడ్డాక నార ఒలిచి ఉతుకుతుంది. చేత్తో కాగితం చేసే కార్ఖానా మేస్త్రి తెల్లటి నార తప్ప ముట్టడు. ఈసారి సరుకు నచ్చితే ఇక ఏటా ఆమె దగ్గరే తీసుకుంటానన్నాడు. ఆ మాట పట్టుకుని పొలమంతా గోగే వేసింది.

అంతా సవ్యంగానే జరిగేది, బావగారు సాయానికి రాకపోతే.

ఆయన ఆమె భర్తకు అన్న. ఎవరింట్లో గడియారం నెమ్మదించినా పిలవకుండానే వచ్చి, దాన్ని పూర్తిగా ఆపి వెళ్లే మనిషి. మోపులు తేలకుండా రాళ్లు పెట్టమని ఆయనకు చెప్పడమే నారక్క చేసిన పొరపాటు.

ఊరిన మోపులు పైకి తీస్తే, పై వరస బొగ్గులా ఉంది.

“ఇదేమిటండీ బావగారూ?”

“నీళ్లు మంచివి కావమ్మాయ్. నేను ముందే అనుకున్నా.”

ఆమె గుంటలో చెయ్యి పెట్టి తడిమింది. మోపుల మీంచి జారి అడుగున పడ్డ, తుప్పు పట్టిన బండి ఇరుసు తగిలింది. దాని పక్కనే తన పెరటి గేటు.

“రాళ్లు పెట్టమన్నాను కదండీ!”

“రాళ్లు మోస్తే నడుం పట్టేస్తుంది. ఇనుమైతే రెండు ముక్కలు చాలు. కాస్త బుర్ర వాడాలి.”

“ఇనుము తగిలితే నార నల్లబడుతుందండీ!”

“చెబితే కదా తెలిసేది!”

“అడిగితే కదా చెప్పేది!”

ఎంత ఉతికినా నలుపు వదల్లేదు. పళ్లు కొరుక్కుంటూ నారక్క తెల్లదీ నల్లదీ విడదీయసాగింది.

“నల్లది లోపల పెట్టి పైన తెల్లది చుట్టు. ఎవరు చూస్తారు?” అన్నారు బావగారు.

“మీరు కాసేపు ఊరికే కూర్చుంటారా? అదే పెద్ద సాయం.”

మేస్త్రి వచ్చేసరికి రెండు కుప్పలూ విడివిడిగా ఉన్నాయి. తెల్లనార పోగు లాగి చూసి తలూపాడు. నల్లకుప్ప వైపు తిరిగి, “గుంటలో ఇనుమెవరు పెట్టారు?” అన్నాడు.

పెద్దాయన్ని పరాయివాడి ముందు ఎలా పట్టిచ్చేది? నారక్క తెల్లకుప్ప సర్దసాగింది. బావగారు ఆకాశాన్ని పరీక్షించి, ఇక అక్కడ చూడ్డానికేమీ లేక, “నేనేనండీ. సాయం చేద్దామని,” అన్నారు.

మేస్త్రి నవ్వాపుకున్నాడు. “దాచకుండా చూపించావు కాబట్టి తెల్లది తీసుకుంటానమ్మా. వచ్చే ఏడూ తీసుకుంటాను. కానీ ఒక్క షరతు...” అంటూ బావగారి వైపు చూశాడు.

“తెలుసు లెండి,” అన్నారు బావగారు, పైపంచె సర్దుకుంటూ. “ఈసారి రాళ్లే పెడతాను.”