కన్నయ్య అన్న "ఊఁ"

వానలు పట్టగానే మా వంటింట్లో రాళ్లుప్పు చెమ్మగిల్లుతుంది. ఆ వాసనకు నాకు లచ్చుమక్క గుర్తొస్తుంది. బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజుల్లో ఆమె కోంట సంతలో ఉప్పు అమ్మేది. భద్రాచలం వైపు నుంచి కోడలిగా వచ్చి, భర్త పోయాక దుకాణం తానే నడిపింది. తెలుగు, హిందీ, హల్బీ, దోర్లీ నాలుగూ ధారాళంగా మాట్లాడేది. నేను అక్కడి కచేరీలో గుమాస్తాను. తహసీల్దారు హిందీలో అడిగింది తెలుగులో చెప్పి, వచ్చిన జవాబు రాసుకోవడం నా పని.

ఒకరోజు కన్నయ్య అనే దోర్ల తెగ రైతును పట్టుకొచ్చారు. అడవిలో సర్కారు దుంగలు తగలబెట్టాడని నేరం. అతనికి సంతలో పనికొచ్చే నాలుగు తెలుగు ముక్కలే వచ్చు. "నిప్పు పెట్టింది నువ్వేనా?" అన్నాను. "ఊఁ" అన్నాడు. "ఒక్కడివేనా?" "ఊఁ." నేరం ఒప్పుకున్నాడని రాశాను. మర్నాడే అతన్ని జగదల్‌పూర్ జైలుకు పంపాలని ఉత్తర్వయింది.

సాయంత్రం ఉప్పు కొనడానికి వెళ్లి, మాటల్లో ఈ సంగతి చెప్పాను. లచ్చుమక్క కొలవడం ఆపింది.

"పేరేందని అడిగినవా తమ్మీ?"

"అడిగిన. ఊఁ అన్నడు. పేరు జవాను చెప్పిండు."

"పేరడిగినా ఊఁ, నిప్పు సంగతి అడిగినా ఊఁ. వింటున్ననని అన్నడు. గంతే."

తప్పు రాశానంటే ఉద్యోగం ఉండదు. అమ్మా, ఇద్దరు చెల్లెళ్లూ నా జీతం మీదే బతుకుతున్నారు. లచ్చుమక్క ఉప్పు పొట్లం నా చేతికిచ్చి, "పొద్దుగాల నేనొస్త" అంది.

పొద్దున్నే తహసీల్దారు ముందు నిలబడి, నేను రాసింది నమ్మవద్దని చెప్పాను. ఆయన లచ్చుమక్కను లోపలికి రానిచ్చాడు. ఆమె కన్నయ్య పక్కన నేల మీద కూర్చుని, ముందు అతని పిల్లల పేర్లు అడిగింది. కాసేపటికి అతను మాట్లాడడం మొదలుపెట్టాడు, ఇక ఆగలేదు. మంటలు లేచిన రోజు అతను భార్యను కాన్పుకు శబరి ఏరు దాటిస్తున్నాడు. పడవవాడే సాక్షి. ఆ పడవవాడు పెళ్లికని వేరే ఊరు వెళ్లాడు.

తహసీల్దారు కన్నయ్యను జైలుకు పంపడం ఆపించాడు. పడవవాడి కోసం రెండు రోజులు చూశాం. కచేరీ అరుగు మీద కూర్చుని, దోర్లీ ఎలా వచ్చిందని లచ్చుమక్కను అడిగాను. "కొత్త కోడలిగ వచ్చినప్పుడు ఒక దోర్ల ముసలమ్మ రోజూ నా గడపకాడ కూసునేది. మాట తెల్వకున్నా నేను చెప్పింది వినేది. అట్లనే ఆమె మాట నాకొచ్చింది. లోకంల మొదటి మాట ఎవడన్నడో ఏమెరుక తమ్మీ. ఎదుటోడు ఆగి విన్నంకనే అది మాటయి ఉంటది."

పడవవాడు వచ్చాడు, కన్నయ్య చెప్పింది నిజమే అన్నాడు. కన్నయ్యను వదిలేశారు. నాకు చీవాట్లు పడ్డాయి కానీ ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత కొలువున్నన్నాళ్లూ, ఎదుటివాడు తన పేరు తానే చెప్పేదాకా కలం ముట్టలేదు.

అయినా నాకు కుదురు లేదు. కన్నయ్యకు ముందు రెండేళ్లు ఆ కుర్చీలోనే కూర్చుని ఎందరి జవాబులో రాశాను. అందులో ఎందరు ఒప్పుకున్నారో, ఎందరు ఊరికే విన్నారో నాకు తెలియదు. వాళ్ల పేర్లు కూడా గుర్తు లేవు.