రగ్గు ఉందేమో అడగమన్నాను

నిరుడు చలికాలంలో ఒక మధ్యాహ్నం అమీర్‌పేటలో బస్సెక్కి, సగం చదివిన డిటెక్టివ్ నవల తెరిచాను. అట్ట మీద మంచుకొండలు, ఆ మంచులో ఒంటరిగా నడుస్తున్న పోలీసు. పక్క సీట్లో ఉన్న నడివయసు ఆమె ఆ బొమ్మనే చూస్తోంది.

"తమ్ముడూ, గిది మంచుల మనిషి తప్పిపోయిన కథనా?"

అవునన్నాను.

"మా ఆయన సుత గట్లనే కనిపిస్తలేడు. లడఖ్ దిక్కు లోడు తీస్కపోయిండు. లారీ రోడ్డు పక్కన దొరికింది, మనిషి దొరకలే. పదకొండు రోజులాయె. నువ్వు గిసొంటివి మస్తు సదివి ఉంటవు. ఏం అడిగితే జాడ తెలుస్తదో జర చెప్పు."

నాకు తెలిసిందంతా పుస్తకాల్లోదే. అయినా ఆమె చూపు చూసి ఊరుకోలేకపోయాను.

"లారీల ఆయన రగ్గు ఉందేమో అడుగు అక్కా. రగ్గు లేకుంటే, కప్పుకొని ఏదన్న ఊరి దిక్కు నడిచిపోయినట్టు."

ఆమె ముఖం వెలిగింది. లారీ దగ్గరే ఉన్న భర్త తోటి డ్రైవర్‌కి వెంటనే ఫోన్ చేసింది. అతను లారీ ఎక్కి చూసేదాకా ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకునే ఉంది. బస్సు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగింది.

"సీటు మీదనే ఉందంట," అంది. "స్వెటర్ సుత."

నేను చెప్పకపోతే ఆమె ఆ ప్రశ్న అడిగేదే కాదు. తల దించుకున్నాను. ఆమె నా మోచెయ్యి పట్టుకుంది.

"ఇంకా లైన్లనే ఉన్నడు తమ్ముడూ. ఇంకోటి ఏదన్న చెప్పు, అడుగుత."