ఏడాకుల పాలకు ఇంకో పేరు

ఆ రోజుల్లో నాకు తెలిసిన చెట్లు మూడే: మామిడి, వేప, ఈ రెండూ కానిది. పేర్లకు మాత్రం కొదవ లేదు. తెలుగు ఎం.ఏ. చదివి వచ్చాను కదా, తోట వర్ణన వచ్చిందంటే పొన్న, పొగడ, సంపెంగ, సప్తపర్ణి అని ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేదాన్ని. ఆ చెట్టు కిందనే నిలబెట్టి ‘ఇదేంటమ్మా’ అని అడిగితే ‘చెట్టు’ అనేదాన్ని. ఇప్పుడు ఆ మాత్రం జవాబు చెప్పే ఓపిక కూడా లేదు. పొద్దున లేస్తే బడి పిల్లల హాజరు ఫొటో, అన్నం ఫొటో, గుడ్డు ఫొటో ఫోన్లోకి ఎక్కించడం, అవి ఎక్కలేదని పైనుంచి వచ్చే మాటలు పడటం, మళ్ళీ ఎక్కించడం. ఇంతలోనే పొద్దుగూకుతుంది. ఏ రోజు ఏం చేశానో నాకే గుర్తుండదు. కానీ ఇరవై మూడేళ్ళ వయసులో ఒక చెట్టు పేరు కనిపెట్టి ఎంత ఆగమయ్యానో మాత్రం బాగా గుర్తుంది.

ఇల్లందు దాటి అడవిలోకి పోయే దారిలో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల ఒకటి. అందులో కాంట్రాక్టు టీచరు ఉద్యోగం. పగలు పాఠం చెప్పాలి, రాత్రి పిల్లలతో హాస్టల్లోనే పడుకోవాలి. ఖమ్మం బస్టాండులో నన్ను బస్సెక్కిస్తూ మా అమ్మ అన్నం జాగ్రత్త, ఆరోగ్యం జాగ్రత్త అనలేదు. “అడవిల మల్లెపూల వాసనొస్తే ఎనక్కి తిరిగి చూడకు బిడ్డా” అంది. (ఇంత చదివించి ఆమె నాకిచ్చిన ఉద్యోగ సలహా అదొక్కటే.)

కార్తీకం మొదలయ్యేసరికి ఆ వాసన రానే వచ్చింది. సాయంత్రం పిల్లల్ని వరండాలో చదువుకు కూర్చోబెట్టి తిరుగుతుంటే, గాలి ఒక్కసారి తియ్యగా బరువెక్కింది. మల్లె కాదు, సంపెంగ కాదు, నేను పేర్లు అప్పజెప్పగల ఏ పువ్వూ కాదు. నేను వెనక్కి తిరగలేదు. ముందుకూ కదల్లేదు. పిల్లలు పుస్తకాలు వదిలి నన్నే చూస్తున్నారు. వంట చేసే ఆయమ్మ గరిటె పట్టుకుని వచ్చి నా చెవిలో “ఆమెనే మేడం” అంది. ఆమె ఎవరని అడిగితే, “పేరు చెప్పొద్దు, పిలిచినట్టయితది” అంది. టీచరే వణికాక ఇక పిల్లలకు వేరే సాక్ష్యం ఎందుకు? మర్నాటికల్లా ఊళ్ళన్నిటికీ కబురు పోయింది. ఒక్కొక్క తండ్రీ బండి వేసుకొచ్చి, సంచి ముందు, పిల్లను వెనక ఎక్కించుకుని వెళ్ళిపోవడం మొదలైంది. అంతకు ముందేడు ఇలాగే నడిమధ్యలో ఇంటికి పోయిన పదో తరగతి పిల్లలు మళ్ళీ బడి మొహం చూడలేదట. ఆ మాట విన్నాక నాకు దయ్యం మీద ఉన్న భయం కాస్తా ఈ బండ్ల మీదికి మళ్ళింది.

పదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. నేను గొంతెత్తి పద్యం చదువుతుంటే వెనక బెంచీలో కూర్చుని లెక్కలు చేసుకునేది. ఎన్ని తిట్లు తిట్టినా తలెత్తేది కాదు, అందుకని లెక్కల పిల్ల అని పేరు పెట్టాను. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఒకరోజు మధ్యాహ్నం దాని నాయన బండి కూడా వచ్చి గేటు ముందు ఆగింది.

“సంచి సదురుకో” అన్నాడు కూతురితో.

“ఎందుకన్నా?” అన్నాను అడ్డం పోయి.

“దయ్యం తిరిగే కాడ ఆడపిల్లనెట్ల ఉంచుతం మేడం?”

“దయ్యం గియ్యం ఏం లేదన్నా. ఏదో పూలచెట్టు వాసన.”

“ఏం చెట్టు?”

ఎం.ఏ. పట్టా ఉన్నదాన్ని కదా, ధైర్యంగానే “తెల్లపూల చెట్టు” అన్నాను. (తెలుపని ఎవరు చెప్పారంటే, వాసన వచ్చే పూలన్నీ తెల్లగానే ఉంటాయని నా నమ్మకం.)

“తెల్లపూలయి శానా ఉంటయి. పేరేంది?”

“పొద్దుగూకే దాకా ఉండన్నా. చెట్టుకాడికే తోలుకపోయి చూపిస్త.”

పొద్దు వాలి వాసన మొదలవగానే అలా బయల్దేరింది మా ఊరేగింపు. ముక్కు పైకెత్తి ముందు నేను, నా వెనక లెక్కల పిల్ల, దాని వెనక సంచి చంకన పెట్టుకున్న నాయన, చివర చీపురు పట్టుకున్న ఆయమ్మ. (చీపురుంటే దయ్యం దగ్గరికి రాదట.) మొదట వాసన మమ్మల్ని ఆటల మేడం గదికి తీసుకుపోయింది. అక్కడ అగరుబత్తి వెలుగుతోంది. తర్వాత స్నానాల గదుల దాకా పోయి ఫినాయిలు వాసన పీల్చి వెనక్కి వచ్చాం. “మేడం, మీరు జర దూరం నడువుండ్రి. మీ పౌడరు వాసన అడ్డమొస్తంది” అంది లెక్కల పిల్ల. దూరం నడిచాను. నిజంగానే అప్పుడు దారి దొరికింది. నీళ్ళ ట్యాంకు వెనక, ప్రహరీ గోడ అవతల నేలంతా నూకలు చల్లినట్టు చిన్న చిన్న తెల్ల పూలు. తలెత్తితే నిటారుగా పెరిగిన పెద్ద చెట్టు, ఆకుల గుత్తుల మధ్య పూల గుత్తులు. కిందికి వాలిన కొమ్మ ఒకటి పట్టుకుని ఆకులు లెక్కపెట్టాను. ఒక గుత్తికి ఆరే ఉన్నాయి. పక్క దానికి అయిదు. ఆ పక్కది చూస్తే సరిగ్గా ఏడు! తుంచితే తెల్లటి పాలు కారాయి. ఏడాకులు, పాలు! నిఘంటువులో అర్థం చూసి బట్టీ పట్టిన మాట ఒకటి జీవితంలో మొదటిసారి నా చేతిలో తడిగా తగిలింది. ఆ సంతోషం ఇంతా అంతా కాదు.

“ఏడాకుల పాల!” అని అరిచాను.

ఆయమ్మ చీపురు కింద పడేసింది. “అయ్యో, పాలచెట్టా మేడం? అది దయ్యాలు కాపురముండే చెట్టే గదా! మా అమ్మమ్మ ఊళ్ళె దాని కిందికెల్లి మొగోళ్ళు గూడ పోరు.”

లెక్కల పిల్ల నాయన సంచిని చంకలోంచి భుజం మీదికి మార్చాడు. పేరు తెలియనన్నాళ్ళూ అది ఉత్త వాసన. పేరు తెలిశాక ఇంటి నంబరుతో సహా దయ్యం దొరికినట్టయింది. నా నోటితో నేనే కొంప ముంచుకున్నాను. అప్పుడు నన్ను ఆదుకున్నది సంస్కృతం.

“పాల అంటే గా పాల కాదు” అన్నాను గబగబా. “దీని అసలు పేరు సప్తపర్ణి. సప్త అంటే ఏడు. ఊరి దేవతలు ఏడుగురు అక్కచెల్లెళ్ళు లేరా? వాళ్ళ చెట్టిది. చదువుకునే ఆడపిల్లలకు కాపలా.”

ఆయమ్మ వెంటనే చెంపలేసుకుంది. ఆయన మాత్రం చెట్టు వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, “అయితే కోడిని కొయ్యాలె గదా మేడం” అన్నాడు.

“వద్దన్నా, వీళ్ళు తినరు.”

“అక్కచెల్లెళ్ళు కోడి తినకుండ ఎట్లుంటరు?”

“వీళ్ళు చదువు అమ్మలు. మా హాస్టల్ లెక్కనే. గుడ్డు దాకా పర్వాలేదు.”

ఆయన చాలాసేపు ఆపుకున్నాడు గానీ, చివరికి నవ్వేశాడు. నవ్వి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. “మీరింత కష్టపడి అబద్ధమాడుతుండ్రు గాబట్టి నేనే నిజం చెప్త మేడం. దయ్యానికి భయపడి రాలే. చేన్ల పత్తి పగిలి కూసుంది. వాన పడితే నల్లగైతది. దీనమ్మకు నడుము పడ్డది, మంచం మీదికెల్లి లేస్తలేదు. కూలోళ్ళు దొరుకుతలేరు. పత్తికని అడిగితే మీరు పంపరు. అందరు దయ్యం అంటుండ్రని నేను గూడ అన్న.”

పొన్న మీద, పొగడ మీద పద్యాలు వచ్చు. పత్తి చెట్టు మీద నాకు పద్యం రాదు. లెక్కల పిల్ల తల వంచుకుని నేల మీది పూలను కాలితో ఒక పక్కకు జరుపుతోంది. దాన్ని చూస్తూ, ఏం అంటున్నానో తెలియకుండానే అనేశాను. “ఆదివారాలు నేనొస్తనన్నా, పత్తి ఏరనీకి. పిల్ల గూడ ఆదివారమే వస్తది, సోమారం బడికి.”

“మీరా మేడం?” అన్నాడు, నా చెప్పుల వైపు చూస్తూ.

“నేను గూడ వస్తలే” అంది ఆయమ్మ. “ఈమెనొక్కదాన్నే పంపితే పత్తితోటి ఈమెను గూడ మూటగట్టుకుని రావాలె.”

ఆయన సంచి తెచ్చి వరండాలో పెట్టి, బండెక్కి ఒక్కడే పోయాడు.

ఆ ఆదివారం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ వేళ్ళు మండుతాయి. పత్తికాయ పగిలాక దాని మొనలు సూదుల్లా ఉంటాయని ఏ పుస్తకంలోనూ చదవలేదు. చేని గట్టున నులక మంచం మీద పడుకున్న తల్లి నాకు అక్కడినుంచే పాఠం చెప్పింది: “పత్తి తియ్యుండ్రి మేడం, చెట్టును కాదు.” పొద్దుగూకాక నా మూటను చేత్తో కలబెట్టి చూసి, “ఆకు ఎక్కువుంది, పత్తి తక్కువుంది. గని మళ్ళ రాండ్రి” అన్నాడు ఆయన. తిరిగి వస్తుంటే లెక్కల పిల్ల, “మేడం, మీరు అబద్ధం మస్తు చెప్తరు. రోజు పాఠం గూడ గట్లనే చెప్పుండ్రి” అంది. పత్తి అయిపోయే దాకా వెళ్ళాను. చెట్టుకు ఎవరో పసుపు రాశారు, ఇళ్ళకు పోయిన పిల్లల్లో కొందరు తిరిగి వచ్చారు. లెక్కల పిల్ల పదో తరగతి గట్టెక్కింది. తెలుగులో మాత్రం బొటాబొటి మార్కులు.

ఇప్పుడు వేరే బళ్ళో నేనే పెద్ద మేడాన్ని. పోయిన వారం ఒక తండ్రి వచ్చాడు. ఈ కాలం వాళ్ళకు దయ్యం అవసరం కూడా లేదు, పత్తికి తోలుకపోతున్న అని సూటిగానే చెప్పాడు. నేను కుర్చీలోంచి లేవకుండానే రూలు చెప్పాను, చట్టం చెప్పాను, హాజరు తగ్గితే ఏమవుతుందో చెప్పాను. ఒక్క అబద్ధం ఆడలేదు. ఆయన అంతా తల వంచుకుని విని, పిల్లను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూస్తుంటే నేను ఫోన్లో గుడ్ల ఫొటో ఎక్కిస్తున్నాను.

శనివారం సాయంత్రం ఇక్కడి వంటామెను పిలిచి, ఆ పిల్ల వాళ్ళ చేను ఎటువైపని అడిగాను. “ఎందుకు మేడం?” అంది. రేపు ఆదివారం కదా అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, “ఏంది, ఈ మోకాళ్ళతోనా?” అంది.

“అవ్” అన్నాను. నాకే నవ్వొచ్చింది. “ఇవే ఉన్నయి మరి.”