నోట్లో నీళ్ళు పోసుకోవల్ల!

నా కోపం వల్ల ఒక కిరాణా కొట్టుకు ఒక పూట బేరం పోయింది, ఒక పెద్దాయన పొలమారి కళ్ళు తేలేసినంత పనైంది, చివరికి ఒక హెడ్‌మిస్ట్రెస్ గదిలో నా పరువు గంగలో కలిసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ రోజుల్లో నా నోటికి కోలారు జిల్లాలో ఒక్క మంచి ఊరు కూడా లేదు.

అప్పటికి కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతబడి ఎంతో కాలం కాలేదు. మాట సరిగా రాని బడిపిల్లలకు మాట నేర్పే చదువు ముగించి, స్పీచ్ టీచర్‌నని చెప్పుకుంటూ అక్కడ దిగాను. చదువు కొత్తదే, కోపం మాత్రం పుట్టినప్పటిది.

మంగకు ఎనిమిదేళ్ళు. రాబర్ట్‌సన్‌పేట బజారులో కిరాణా కొట్టు నడిపే శెట్టిగారి మనవరాలు. చెవులు బాగా వినిపిస్తాయి, అన్నీ అర్థమవుతాయి. మాట కూడగట్టుకోవడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. "పరీక్షల్లోపల, అడిగినదానికి తనే బదులు చెప్పల్ల. లేకుంటే బెంగళూర్లో హాస్టలుండే స్పెషల్ స్కూలుకు పంపించేయండి" అని బడి హెడ్‌మిస్ట్రెస్ తేల్చేసింది. తాత పక్కన తప్ప నిద్రపోని పిల్లను హాస్టల్లో వేయాలట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే కొట్టుకు వెళ్ళాను.

"నీ పేరేంది పాపా?"

"మంగ" అంది వాళ్ళమ్మ.

"పొద్దున ఏం తిన్నావు?"

"రాగిముద్ద, అనపగింజల పులుసు" అన్నాడు శెట్టిగారు.

"సరిగా తిన్లేదు, చూడు ఎట్ల చిక్కిపోయిందో" అన్నాడు సరుకులకొచ్చిన సుగటూరు రైతు. ఆయనకేం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు.

"పాపను అడిగితే మీరంతా చెప్తారేంటికప్పా?"

శెట్టిగారు నొచ్చుకున్నాడు. "అదేందమ్మా అట్లంటావు! గిరాకీ నోరు తెరవకముందే పొట్లం కట్టేవాణ్ణి నేను. నా మనవరాలికి ఏం కావల్లో నాకు తెలీదా?"

దొరికింది రోగం! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అనే సామెతను వీళ్ళు తిరగేశారు. అడగకముందే పెట్టి, పిల్ల అడగాల్సిన పనే లేకుండా చేశారు. నేను లోపలికి పోయి చెంబుడు నీళ్ళు తెచ్చి బల్ల మీద ఠకీమని పెట్టాను.

"ఇంగ మీదట పాపను ఎవరన్నా ఏమన్నా అడిగితే మిగతావాళ్ళు నోట్లో నీళ్ళు పోసుకోవల్ల. పాప చెప్పేదాకా మింగకూడదు, ఉమ్మకూడదు!"

"యాపారం టైములో కూడానా?"

"అప్పుడే మొదట!"

నవ్వకండి. పిల్లకు వ్యవధి ఇవ్వండని పుస్తకంలో మెత్తగానే రాశారు. మెత్తగా చెప్పడం నా జాతకంలో లేదు.

మర్నాడు వెళ్ళేసరికి కొట్టులో జనం. నేను మంగను ఏదో అడగ్గానే శెట్టిగారు తక్కెడ ముందు బుగ్గలు పూరీల్లా పొంగించుకుని కూర్చున్నాడు. మంగ జవాబు కోసం ఆగాను. ఈలోగా ఒకామె వచ్చింది.

"కందిబేడలు ఎట్ల శెట్టీ?"

"ఊఁ."

"పన్ను నొప్పా?"

"ఊఁహూఁ."

"అయ్యో, నోరు పడిపోయిందా దేవుడా!"

శెట్టిగారికి నవ్వొచ్చి పొలమారింది. నీళ్ళు వెళ్ళి కందిపప్పు మూట మీద పడ్డాయి. ఉన్న గిరాకీలంతా ఎదురు కొట్టుకు వెళ్ళిపోయారు. మంగ పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, "తాతా... బేడలు... తడి" అంది. శెట్టిగారు తక్కెడ వదిలేసి పిల్లను ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాడు. కోపమున్నా మనిషినే కదా, నాకూ ఏడుపొచ్చింది.

ఇక ఆ హెడ్‌మిస్ట్రెస్ సంగతి చూద్దామని అందరినీ వెంటబెట్టుకుని బడికి వెళ్ళాను. తల్లీ తాతా నేను నేర్పినట్టే గుమ్మంలోనే నోళ్ళు నింపుకుని గోడవారగా నిలబడ్డారు.

"నీ పేరేంది?" అంది హెడ్‌మిస్ట్రెస్.

మంగ పైకప్పు చూసింది. పెదాలు కదిలాయి. హెడ్‌మిస్ట్రెస్ గడియారం చూసింది. "చూసినారా? నేను ముందే చెప్పలేదా?"

అంతే, నా కోపం కట్ట తెంచుకుంది. "మంగ! పేరు మంగ! తాతది కిరాణా కొట్టు! పొద్దున ముద్ద తినింది! ఇంగేం కావల్ల మీకు?"

శెట్టిగారు నోటినిండా నీళ్ళతో, గుడ్లు వెళ్ళుకొచ్చేలా నన్ను చూస్తున్నాడు. మంగ తీరిగ్గా సంచి తెరిచి, నీళ్ళ సీసా మూత తిప్పి, నా నోటి దగ్గర పెట్టింది.

"టీచర్... నువ్వు... పోసుకో."

పోసుకున్నాను. మంగ అటు తిరిగి, ఏ తొందరా లేకుండా, "నా పేరు... మంగ" అంది.

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు తీసింది. "పిల్ల ఈడే చదువుకోనీ. ఈ టీచరమ్మను మాత్రం బయట కూర్చోబెట్టండి."

ఆ సీసా సాక్షిగా అప్పుడే ప్రతిజ్ఞ చేశాను: పిల్లలను అడిగిన ప్రశ్నకు బొందిలో ప్రాణమున్నంతవరకు నేను జవాబు చెప్పను. కోపం తగ్గిందా అంటారా? పిల్ల నోరు విప్పేలోపు గడియారం చూసేవాళ్ళు కనిపిస్తే ఇప్పటికీ భగ్గుమంటాను. వెంటనే సీసా తీసి నోరు నింపుకుంటాను. మింగకుండా ఉండటం అలవాటైంది. వాళ్ళ మొహాన ఉమ్మకుండా ఉండటమే కష్టంగా ఉంది.