ఏడో తరగతి ఆమేన్

ఎనభైలలో మా గుంటూరు మున్సిపల్ స్కూల్లో వాన పడితే ముందు తడిసేది పిల్లలు కాదు, నల్లబల్ల. (పిల్లలు గోడవారకు జరిగేవారు, బల్లకు కాళ్లున్నా ఆ తెలివి లేదు.) నేను తాత్కాలిక టీచరుగా చేరిన ఏడాదే స్కూలుకు గండం వచ్చిపడింది. అంతకుముందు సంవత్సరం ఏడో తరగతి ఫలితాలు ఘోరంగా వచ్చాయి. ఇనస్పెక్టరుగారు వచ్చి పిల్లల్ని ప్రశ్నలడుగుతారట. బాగా చెబితే పైకప్పుకు నిధులు, లేకపోతే స్కూలు ఎత్తేసి పక్కపేట బడిలో కలిపేయడం.

పాస్టరుగారమ్మాయిని, నాకు తెలిసిన బోధన అంతా సండే స్కూలుదే. అక్కడ ఎవరైనా వాక్యం తప్పు లేకుండా చెబితే అందరం ‘ఆమేన్’ అంటాం. ఇక్కడ ఓ పిల్ల పదిహేడో ఎక్కం గడగడా అప్పజెప్పేసరికి, అలవాటుగా నా నోట ఆ మాట జారింది. అంతే, తరగతి మొత్తానికి అంటుకుంది. మానమంటే మానరు. పైగా ఆమేన్ అనిపించుకోవడం కోసం పుస్తకం ముట్టని మొద్దులు కూడా చదవసాగారు. ప్రభువు కార్యం అనుకుని ఊరుకున్నాను.

ప్రతి సోమవారం పెదకాకాని గుడికి వెళ్లే హెడ్మాస్టరుగారు మాత్రం వణికిపోయారు. “అమ్మాయ్, ఆయన ముందు ఆ మాట వినపడిందా, మనిద్దరం మిరపకోతలకు పోవాల్సిందే!”

ఇనస్పెక్టరుగారు నిలువు నామంతో వచ్చారు. “కృష్ణానది ఎక్కడ పుట్టింది?” అన్నారు. “మహాబలేశ్వరంలో అండీ” అంది ఆ పదిహేడో ఎక్కం పిల్ల, మిరపకాయల కూలీ కూతురు. “ఆమేన్!” అంది తరగతి. నుదుట విభూతి ఉన్నవాళ్ల గొంతులే ముందు.

“ఇదేంటమ్మా?” అని ఆయన నా వైపు తిరిగారు. ఆ పిల్లే అందుకుంది. “సరైన జవాబైతే అంటామండీ. తప్పైతే అనం.”

“ఓహో! అందరికీ తెలుస్తుందా?”

“తెలుసండీ!”

ఆయన కుర్చీలో సర్దుకుని గంభీరంగా, “గోదావరి కూడా మహాబలేశ్వరంలోనే పుట్టింది” అన్నారు. చీమ చిటుక్కుమనలేదు. అధికారి మాట కాదనడమెలాగని కాబోలు, వెనకనుంచి హెడ్మాస్టరుగారు ఒక్కరే సన్నగా, “ఆమేన్” అన్నారు. తరగతి మొత్తం తల తిప్పి ఆయన్ని జాలిగా చూసింది.

“నల్లరేగడిలో పత్తి బాగా పండుతుంది.” “ఆమేన్!” “సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడు.” నిశ్శబ్దం. ఆయన అడుగుతూనే ఉన్నారు, నవ్వుతూనే ఉన్నారు. చివరికి లేచి, “ఈ బడి ఎక్కడికీ పోదు. కప్పుకు నేను రాస్తాను” అన్నారు. ఉన్న పెంకులు కూడా ఊడిపడతాయేమో అన్నంత ఆమేన్ లేచింది. అందులో అన్నిటికన్నా పెద్ద గొంతు హెడ్మాస్టరుగారిది. ఈసారి ఆయన ఆమేన్ తప్పు కాలేదు.

మొన్న ఆదివారం మా చర్చికి ప్రసంగానికొచ్చిన కుర్ర బోధకుడు, “మున్సిపల్ బళ్లలో చదువులెక్కడ వచ్చేవి!” అన్నాడు. సంఘమంతా ఆమేన్ అంది. దేవుడి మందిరంలో మొదటిసారి నేను నోరు మూసుకున్నాను. పక్కన కూర్చున్న నెరిసిన జుట్టావిడ కూడా పెదవి విప్పలేదు. నా చెవి దగ్గరకు వంగి, “తప్పైతే అనం కదండీ, టీచర్” అంది.

పదిహేడో ఎక్కం పిల్ల! ఆమె అన్న ఆ ఒక్క మాటకు మాత్రం, ఎవరికీ వినపడకుండా, ఆమేన్ అన్నాను.