లేని ఇళ్ళ మీదుగా దారి

బిర్జేనె ఊళ్ళో క్లియోపాస్‌ను ఏమైనా అడగవచ్చు గాని దారి మాత్రం అడగకూడదు. అడిగితే తిడతాడు, తిట్టి మరీ చెబుతాడు. చెప్పేది కూడా ఎప్పుడో నేలమట్టమైన ఇళ్ళ మీదుగా. "బుట్కుస్ వాళ్ళ ఆవిరిగది దాటు. ష్కేమా వాళ్ళ గాదె దగ్గర ఎడమకు తిరుగు." ఆవిరిస్నానాల గదీ లేదు, ధాన్యపు గాదే లేదు. కంటికి ఆనినంత మేరా, అందరి పొలాలూ కలిపేసిన సమష్టి క్షేత్రం వాళ్ళ బీటుదుంపలే.

ఒకప్పుడు అక్కడ ఎవరి పొలంలో వాళ్ళకు ఇల్లుండేది. సర్కారువాళ్ళు కొందరిని సైబీరియా ప్రవాసానికి రైలెక్కించారు. మిగిలినవాళ్ళను ఊళ్ళోకి తోలి, నేలలో ఊరే నీరు పోవడానికి గొట్టాలు వేయాలంటూ ఇళ్ళను బుల్డోజరుతో నెట్టించారు. క్లియోపాస్ వడ్రంగి. ఆ ఇళ్ళ తలుపుల్లో అతని చెయ్యి పడనిది లేదు.

"మేకు లేకుండా దుంగకు దుంగ కూర్చాలంటే ఒక చలికాలం పడుతుంది," అనేవాడు పళ్ళు నూరుతూ. "ఆ వెధవలు బీరు తాగడానికి ముందు కూల్చేశారు, తాగింతర్వాత తగలబెట్టారు. నేను మాత్రం లేవని ఎందుకనాలి? నేను కూల్చానా?"

అతని మాటకు అందరికంటే ఎక్కువ ఒళ్ళు మండేది స్తాసెకు. ఆమె పాల లారీ నడుపుతుంది. క్లియోపాస్ పక్కింటి మనిషి, పైగా రోజూ పిలవకుండా లారీ ఎక్కి ముందు సీట్లో కూర్చునే మనిషి. అతని నోటికి పాలు తొందరగా విరుగుతాయని ఆమె నమ్మకం.

ఒకసారి అడ్డం తిరిగిన దూడ కోసం పశువుల డాక్టరు పరుగున వచ్చి, ఖర్మ కాలి, ఇతన్నే దారి అడిగాడు. పొలాల్లో తిరిగి తిరిగి అతను చేరేసరికి దూడ దానంతటదే పుట్టి, లేచి నిలబడి, పాలు తాగుతోంది.

"గాదె దగ్గర తిరగమన్నానా లేదా?" అని క్లియోపాస్ అతని మీదకే లేచాడు.

"గాదె ఎక్కడుందయ్యా?"

"ఉండాల్సిన చోటే ఉంది. నువ్వే లేవు."

ఇంకోసారి పెళ్ళి బ్యాండు తప్పిపోయింది. పాపం వాళ్ళు దుంపల మధ్య నిలబడి అకార్డియన్ వాయిస్తూ ఉంటే, పెళ్ళివారే ఆ చప్పుడు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, ఇక ఓపిక లేక అక్కడే నాట్యం చేశారు. క్షేత్రం అధ్యక్షుడికి తిక్కరేగి పొలానికొక నంబరు పలక పాతించాడు. క్లియోపాస్ ఆఫీసుకు వెళ్ళి బల్ల గుద్దాడు.

"పేరున్నదానికి నంబరు పెట్టావు. రేపు పెళ్ళానికి కూడా పెడతావా?"

"అది ప్రణాళికలో లేదు బాబాయ్," అన్నాడట అధ్యక్షుడు నీరసంగా.

ఆ ఆగస్టులో పాలకేంద్రం దగ్గర బస్సు దిగింది నియోలె అనే ఆవిడ. సైబీరియాలోనే పుట్టిందట. వాళ్ళమ్మ ఆంటోసె ఇక్కడి తూమాస్ వాళ్ళ పిల్ల. పెళ్ళికాకముందే ఇంటిల్లిపాదితో పాటు రైలెక్కించారు. ఇప్పుడు మంచం పట్టింది. పుట్టింటి గడప ముందు మట్టి ఒక గుప్పెడు తెమ్మంది, తనతో పాటు గోతిలో వేయడానికి. సాయంత్రం బస్సుకే నియోలె తిరిగి వెళ్ళాలి.

ఆఫీసులో ఒకతను పటం చూసి, ఆ ఇల్లు లేదనీ, ఎక్కడైనా తీసుకోమనీ చెప్పాడు. స్తాసె కూడా, "అంతా కలిపి దున్నేసిన నేలేనమ్మా. మట్టి మట్టేగా," అంది జాలిగా.

"అమ్మ వాసన చూస్తానంది," అంది నియోలె. "వేరేదైతే నా మొహాన కొడతానంది."

లారీలోంచి క్లియోపాస్ గొంతు పేలింది. "మట్టి మట్టేనా? అయితే ఇవాళ ఎదురింట్లో పడుకోవే స్తాసే, మొగుడు మొగుడేగా."

"నోరు ముయ్యి బాబాయ్."

"నేను ముయ్యను. ఇదిగో అమ్మాయ్, విను. బుట్కుస్ వాళ్ళ ఆవిరిగది దాటు..."

స్తాసె తల పట్టుకుంది. సైబీరియా నుంచి వచ్చిన మనిషిని దుంపల్లో తప్పిపోయేలా చేస్తున్నాడు ఈ ముసలాడు.

"దాటి, కుడి పక్కనుంచి పోవాలి," అంది నియోలె. "ఎడమ పక్క వాళ్ళ కుక్క కరుస్తుంది. అమ్మ చెప్పింది."

క్లియోపాస్ లారీ తలుపు తెరిచాడు.

"ఆ తర్వాత ష్కేమా వాళ్ళ గాదె," అంది ఆమె. "దాని వెనకాలే మేము."

ముగ్గురూ లారీలో బయల్దేరారు. నియోలె ఈ నేల మీద అడుగు పెట్టడం అదే మొదటిసారి. క్లియోపాస్ లేని ఇళ్ళ పేర్లు చెబుతుంటే, ఆమె అతని కంటే ముందే మలుపులు చెబుతోంది. చిన్నప్పటి నుంచి రోజూ రాత్రి వాళ్ళమ్మ ఆమెను ఈ దారిలో నడిపించి నిద్రపుచ్చేదట. బుర్రలో పటం లేక దారి తప్పింది స్తాసె ఒక్కతే.

"ఇక్కడ," అన్నారు ఇద్దరూ ఒకేసారి. దుంపాకుల కింద పొయ్యి ఇటుక ముక్కలు ఎర్రగా కనిపించాయి. అంతవరకు బాగానే ఉంది. గడప ఎక్కడనే దగ్గర యుద్ధం మొదలైంది.

"తలుపు దక్షిణానికి," అన్నాడు క్లియోపాస్.

"తూర్పుకు. పొద్దున్నే రొట్టెపిండి మీద ఎండ పడేదంది అమ్మ."

"మీ అమ్మ పిండి చూసింది. నేను తలుపు పెట్టాను."

"వంకరగా పెట్టావనీ చెప్పింది."

స్తాసె బిక్కచచ్చిపోయింది. ఆ మాట ఇంకెవరైనా అంటే పార తిరగేసేవాడు. క్లియోపాస్ మాత్రం లారీలోంచి పార తెచ్చాడు. తెచ్చి తూర్పు పక్కన తవ్వాడు. చెక్కిన రాతి మెట్టు అంచు తగిలింది.

"దుంగ పచ్చిది," అని గొణిగాడు. "ఆరితే వంగింది. నా తప్పు కాదు."

నియోలె తలగుడ్డ విప్పి మట్టి ఎత్తుకుంటోంది. స్తాసె అతని పక్కకు చేరింది.

"ఇన్నేళ్ళూ అందర్నీ ఏడిపించింది ఇందుకా బాబాయ్? వస్తారని తెలుసా?"

"నాకేం తెలుసు? వచ్చినవాళ్ళు మా ఇల్లెక్కడని అడిగితే నంబరు చెప్పమంటావా?" అని కసిరాడు. ముక్కు గట్టిగా చీదాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉందని మరీ కోపం వచ్చింది.

"నిలబడి చూస్తావేం? లారీ వెనక్కి తియ్యి. చక్రం వాళ్ళమ్మ చిన్నప్పటి మంచం మీద పెట్టావు."

స్తాసె ఎక్కి, వెనక్కి తీసింది.