సైరన్ మోగిన ఆట

ఫుట్‌బాల్ ఆట అంటే నాకు ఎన్నడూ ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. జట్టులో బంతిని చేత్తో పట్టుకునే హక్కు ఒక్కడికే ఉంటుందట, ఆ ఒక్కడూ నా మొగుడు. అందరూ రొప్పుతూ పరుగెత్తుతుంటే నువ్వు గుంజకు ఆనుకుని నిలబడతావు, దానికి నీకు చప్పట్లా అని ఎగతాళి చేసేదాన్ని. అయినా ఒక సీజన్‌లో మొదటి డివిజన్‌లో ఏ జట్టు ఎక్కడుందో, ఎవరు ఎవరి మీద గెలిస్తే మాకు మేలో, మా వరుస ఇళ్లలో నాకు తెలిసినంత మగవాళ్లకు కూడా తెలియదు. ప్రాణం మీదికి వస్తే ఏదైనా తెలుసుకుంటాం.

మాది కరీంనగర్ వైపు మగ్గాల ఊరు. మా బాపు గుంట మగ్గం మీద నేసేవాడు, కాళ్లు గుంటలో, నడుం పైన. నాకు సంబంధం వచ్చినప్పుడు పిల్లగాడు బొగ్గు బాయిలో పని చేస్తాడని చెప్పారు. గని అనే మాట మాకు తెలియదు, అక్కడివాళ్లు బాయి అనే అంటారు. మా అవ్వ, గుంటలో కూర్చునే పని మనకు కొత్తా ఏంటి అని ఒప్పేసుకుంది. ఆ గుంట ఎంత లోతుంటుందో పాపం ఆమెకేం తెలుసు.

గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలో బాయి పనివాళ్ల కాలనీకి కాపురానికి వెళ్లాక నాకు తెలిసింది. అక్కడ పొద్దు సూర్యుడితో కాదు, సైరన్‌తో మారుతుంది. షిఫ్టు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మోగుతుంది. దాన్ని బట్టే ఆడవాళ్లు పొయ్యి ముట్టిస్తారు, నీళ్లకు పోతారు. వేళ కాని వేళ మోగిందంటే మాత్రం దానికి ఒకటే అర్థం. నేను వెళ్లిన ఏడాదే ఒక మధ్యాహ్నం అలా మోగింది. జొన్నరొట్టె పిండి చేతులతోనే, చెప్పుల్లేకుండా, అందరితో కలిసి బాయి గేటు దాకా పరుగెత్తాను. లోపల కప్పు కూలింది. మా పక్కింటాయనను దుప్పటిలో తెచ్చారు. మా ఆయన తన కాళ్ల మీద నడిచి పైకి వచ్చాడు. ఆ రోజు నుంచి నా చెవులు ఇంట్లో ఉండటం మానేశాయి.

తర్వాతి ఏడాది మా బాయి జట్టు, చుట్టుపక్కల ఊళ్లూ బాయిలూ కలిసి ఆడే లీగ్‌లో మొదటి డివిజన్‌కు ఎక్కింది. మూడు డివిజన్లు ఉండేవి. నిర్మల్, ఆసిఫాబాద్ లాంటి ఊళ్ల జట్లు చాలావరకు కింది రెండింటిలో ఆడేవి. పై డివిజన్‌లో ఆడేవాళ్లకు మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎక్కడా రాసి పెట్టలేదు గానీ అందరూ ఎరిగినదే. వాళ్లను బాయి కిందికి పంపరు. ఊపిరి, ఎముకలు ఆట కోసం దాచిపెట్టాలని పైపని ఇస్తారు. మా ఆయనను ల్యాంపు రూములో వేశారు. కిందికి దిగేవాళ్ల చేతికి దీపాలు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకోవడం ఆయన పని. జట్టు పై డివిజన్‌లో ఉన్నన్నాళ్లే ఆ పని. సీజన్ చివర అడుగున మిగిలితే జట్టు రెండో డివిజన్‌కు, మా ఆయన మళ్లీ బాయి కిందికి.

ఇక నాకు నిద్రెక్కడిది? పై పని దొరికిందని సంతోషించాల్సింది పోయి, అది ఎక్కడ పోతుందోనని కాలు కాలిన పిల్లిలా తిరిగేదాన్ని. ఆట రోజు వచ్చిందంటే ఏరిన బియ్యమే మళ్లీ ఏరేదాన్ని, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేదాన్ని. మైదానానికి ఆడవాళ్లు పోయే అలవాటు లేదు, మా అత్త పోనివ్వదు. ఇంటి వెనక గోడ దగ్గర నిలబడి జనం అరుపులు వినేదాన్ని. మేం గోల్ వేస్తే అరుపు గోడకు తగిలి వెనక్కి వచ్చేది. మా మీద గోల్ పడితే కాసేపు అసలు చప్పుడే ఉండేది కాదు. ఆ చప్పుడు లేని కాసేపు నాకు గుండెలో గుబులు. మా అత్త చూసి, ఊళ్లె పెండ్లికి నీకెందుకే హడావిడి అని దెప్పేది. కొడుకు ఎక్కడ పనిచేసినా తిరిగొస్తాడన్న నమ్మకం ఆమెది. మొగుడిని, కొడుకులను బాయికి పంపి పంపి ఆమె గుండె రాయి అయిపోయిందని అప్పట్లో కోపం వచ్చేది.

బయటి ఊళ్లలో ఆటలైతే లారీలో వెళ్లొచ్చేవారు. లారీ మలుపు తిరిగేటప్పుడు పాటలు వినిపిస్తే గెలిచారు, ఇంజను ఒక్కటే వినిపిస్తే ఓడారు. చలికాలం దాకా పాటలే వినిపించాయి. ఆ తర్వాత గోల్స్ వేసే మా ముందాటగాడికి మోకాలు బెణికింది, వరసగా ఇంజను చప్పుడే మిగిలింది.

నాకు ఇంత ఆరాటం ఉంటే మా ఆయనకు వేరే బాధ ఉండేది. ఆయన తమ్ముడు కింద పనిచేసేవాడు. పెళ్లి కాలేదు, మా ఇంట్లోనే ఉండేవాడు. ఫుట్‌బాల్ అంటే పడి చచ్చేవాడు గానీ ఆడటం రాదు. రోజూ పొద్దున తమ్ముడి చేతికి దీపం ఇచ్చి తాను పైన కూర్చోవాలి. అది మా ఆయనకు మింగుడు పడేది కాదు. ఒక రోజు అన్నం ముందు కూర్చుని, "చిన్నోని చేతిల ల్యాంపు వెట్టి నేను నీడకు కూసుంటున్న. ఏం బతుకే ఇది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నీడ దొరికినోడు ఎండ కోసం ఏడ్చినట్టుంది అని అరిచాను. ఇప్పటికీ ఆ మాట తప్పని నేననుకోను.

హోళీ దగ్గరపడ్డాక చివరి ఆట వచ్చింది. మా మైదానంలోనే, కరీంనగర్ నుంచి వచ్చిన జట్టుతో. గెలవక్కర్లేదు, సమంగా ముగిస్తే చాలు, మేం పై డివిజన్‌లో నిలుస్తాం. వాళ్లకు తిరిగిపోయే బస్సు అందాలని ఎండ తగ్గకముందే ఆట పెట్టారు. మా మరిది మొదటి షిఫ్టులో కింద ఉన్నాడు. ఈ ఒక్క ఆట చూడలేకపోతున్నానని పొద్దున ఏడుపు మొహం పెట్టుకుని పోయాడు.

నేను గోడ దగ్గరే ఉన్నాను. సగం ఆట దాటినా అరుపూ లేదు, ఆ చప్పుడు లేని గుబులూ లేదు. అంటే ఎవరూ గోల్ వేయలేదు. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ గోడ సున్నం గోటితో గీకుతున్నాను. అప్పుడు సైరన్ మోగింది. షిఫ్టు దిగడానికి ఇంకా చాలా వేళ ఉంది.

ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. గేటు దగ్గర అప్పటికే కాలనీ అంతా ఉంది. నేను జనాన్ని తోసుకుంటూ మా ఆయన పేరు పెట్టి అరుస్తున్నాను. పెళ్లయ్యాక ఆ పేరు నా నోట రావడం అదే మొదటిసారి. ఎవరో నా భుజం పట్టి ఆపారు. తిరిగి చూస్తే ఆయనే. ఆకుపచ్చ బనియను, మోకాళ్లకు పట్టీలు, ఒంటి నిండా మైదానం మట్టి.

"నువ్వెందుకు ఉరికొచ్చినవ్?" అన్నాడు. "నేను ఆటల ఉన్న గదా."

నిజమే, ఆయన ఆటలో ఉన్నాడు. ఇప్పటిదాకా నేను విన్నది ఆయన ఆడుతున్న ఆటనే. ఆ సీజనంతా ఆయన కింద లేడన్న ఒక్క మాట పట్టుకుని బతికాను. తీరా సైరన్ మోగేసరికి నా కాళ్లు ఆ మాటను నమ్మలేదు. మరి నువ్వెందుకు వచ్చావని కసిరాను.

"చిన్నోడు కింద ఉన్నడు."

సిగ్గుపడాల్సింది నేనే. మరిది కింద ఉన్న సంగతి నాకు గుర్తే రాలేదు. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. లోపలి నుంచి ఎవరో వచ్చి, ఏం కాలేదు, సైరన్ వాల్వు ఇరుక్కుని దానంతటదే మోగింది అని చెప్పారు. ఎవరూ కదల్లేదు. కళ్లతో చూసుకుంటే తప్ప అక్కడ ఎవరూ మాటలు నమ్మరు. పైవాళ్లు విసుక్కుని, కింది వాళ్లను వేళకు ముందే పైకి రప్పించారు. మా మరిది నల్లటి మొహంతో గేటు బయటికి వచ్చి అన్నను చూశాడు. ఆ బనియను మీదే వాడి చూపు పడింది.

"స్కోరెంతనే?" అన్నాడు.

స్కోరు అప్పటికే ఒకటి, సున్నా. సైరన్ మోగగానే మా వాళ్లు ఎక్కడి బంతిని అక్కడ వదిలి బాయి వైపు పరుగెత్తారట. కరీంనగర్ పిల్లలకు ఆ మోత సంగతి తెలియదు. ఎదురుగా గోల్ ఖాళీగా కనిపించింది, నింపాదిగా బంతిని లోపలికి తన్నారు. రెఫరీ కూడా బయటివాడే. తాను విజిల్ ఊదలేదు కాబట్టి గోల్ గోలే అన్నాడు. అందరూ తిరిగొచ్చాక మిగిలిన ఆట ఆడించాడు. ఆ కాసేపట్లో మా వాళ్లు ఎంత తన్నుకున్నా బంతి లోపలికి పోలేదు.

రెండో డివిజన్‌కు పడిపోయాం. బాయి ఆటల ఆఫీసరు మా ఆయనను పిలిపించి, సైరన్ మాట లీగ్ వాళ్లు ఒప్పుకోరు, ఒంట్లో బాగాలేక గోల్ వదిలానని చెప్పు, ఆ ఆట మళ్లీ ఆడించమని అడుగుదాం అన్నాడట. ఈయన ఒప్పుకోలేదు. "మల్ల మోగినా గట్లనే ఉరుకుత సార్" అని చెప్పి వచ్చాడట. ఆ సంగతి విని నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. తమ్ముడి కోసం పరుగెత్తినవాడు నా కోసం ఒక చిన్న అబద్ధం ఆడలేడా అని లోపల కుతకుత ఉడికిపోయాను. సోమవారం ల్యాంపు రూము కిటికీ అవతల వేరే మనిషి నిలబడ్డాడు, మా ఆయన, మరిది ఒకరి వెనక ఒకరు వరసలో నిలబడి దీపాలు తీసుకున్నారు. దినదిన గండం నూరేళ్లాయుష్షు అన్నట్టు మా కాపురం మళ్లీ మొదటికి వచ్చింది.

రెండేళ్లకు జట్టు తిరిగి పై డివిజన్‌కు ఎక్కింది. అప్పటికి గోల్‌కు ఇంకో పిల్లగాడు వచ్చాడు, పైపని వాడికి పోయింది. మా ఆయన రిటైరయ్యేదాకా కిందే చేసి, నా అదృష్టం బాగుండి, కాళ్ల మీద నడిచే ఇంటికి వచ్చాడు. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు.

రెండో డివిజన్‌లో మొదటి ఆట రోజు నేను చాప చంకన పెట్టుకుని మైదానానికి బయలుదేరాను. మా అత్త గుమ్మంలో అడ్డం నిలబడింది. "మనిషి నా కండ్ల ముందట ఉండేది గా ఒక్క పూటనే, నన్ను పోనియ్యి" అన్నాను. ఆమె నా మొహం చూసింది. పక్కకు జరిగి, ఎండగా ఉంది, కొంగు కప్పుకో అంది. ఆమె గుండె రాయి కాదని నాకప్పుడు తెలిసింది.

గోల్ వెనక చాప వేసుకుని కూర్చునేదాన్ని. సగం ఆటకు వాళ్లు వైపులు మారితే, నేనూ చాప చుట్టుకుని ఆ చివరికి పోయేదాన్ని. జనం నవ్వేవారు. నవ్వితే నవ్వారు. గెలుపోటములతో నాకు పని లేదు. అయినా కూర్చున్న చోట కుదురుండేది కాదు, చాప పుల్లలు పీకుతూనే ఉండేదాన్ని.

ఒక రోజు ఆసిఫాబాద్ జట్టుతో ఆట మధ్యలో సైరన్ మోగింది. షిఫ్టు దిగే సైరనే, వేళకే మోగింది, నాకూ తెలుసు. అయినా లేచి నిలబడ్డాను. గోల్ ముందున్న మనిషి ఎదురుగా వస్తున్న బంతిని వదిలేసి వెనక్కి తిరిగాడు. నా వైపు చూసి చెయ్యి పైకెత్తాడు, ఇక్కడే ఉన్నానన్నట్టు. బంతి ఆయన పక్క నుంచి పోయి వలలో పడింది. మైదానమంతా ఆయనను బండబూతులు తిట్టింది. నేను మళ్లీ చాప మీద కూర్చుని, ఆట అయిపోయేదాకా కదలకుండా చూశాను.